బీఎంఐ 23 దగ్గరే షుగరు పరీక్ష: అమెరికా ఆరోగ్య మంత్రికి బహిరంగ లేఖ

అమెరికా ఆరోగ్య, మానవ సేవల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో పదిహేడేళ్లుగా ఉంటున్న తెలుగువాణ్ణి. ఈ లేఖ ఆంగ్ల ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను. దీన్ని తెలుగులో అందరి ముందూ ఉంచడానికి కారణం, గుళ్లో, పిల్లల పుట్టినరోజు విందుల్లో నాకు రోజూ ఎదురయ్యే నా ఈడువాళ్లకూ వాళ్ల తల్లిదండ్రులకూ ఈ విషయం ముందుగా తెలియాలి.

2021 నవంబరులో, నాకు 41 ఏళ్లప్పుడు, ఏటా చేయించుకునే చెకప్‌కు వెళ్లాను. నా ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు, బరువు 148 పౌన్లు. నర్సు ఆ అంకెలు కంప్యూటర్లో కొట్టగానే బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె) 23.9 అని, దాని పక్కనే పచ్చరంగులో ‘నార్మల్’ అని వచ్చింది. మా నాన్నగారికి షుగరుందని ఫారంలో రాసే ఇచ్చాను. కొలెస్టరాల్ చూశారు, ఏ1సీ (గత రెండు మూడు నెలల షుగరు సగటును చెప్పే రక్తపరీక్ష) చూడలేదు. రెండేళ్ల తరవాత, కళ్లద్దాల నంబరు మారిందేమోనని వెళ్తే, కంటి డాక్టరు రెటీనాను చూస్తూ చూస్తూ ఆగి, “మీకు షుగరుందా?” అని అడిగారు. ఆ వారమే ఏ1సీ చేయిస్తే 8.4 వచ్చింది. 6.5 గానీ అంతకు మించి గానీ ఉంటే డయాబెటిస్ అంటారు.

ఆ మొదటి డాక్టరును నేను తప్పు పట్టడం లేదు. ఆయన తన ముందున్న నిబంధన ప్రకారమే నడుచుకున్నారు. ఏ పరీక్ష ఎవరికి చేయాలో చెప్పే నిపుణుల బృందం ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2021 ఆగస్టులో ఇచ్చిన సిఫార్సు ప్రకారం, 35 నుంచి 70 ఏళ్ల లోపు ఉండి, అధిక బరువు లేదా ఊబకాయం ఉన్నవాళ్లకు షుగరు పరీక్ష చేయాలి. అధిక బరువు అంటే బీఎంఐ 25 అని లెక్క. ఆసియా సంతతివారికి 23 దగ్గరే పరీక్ష చేసే విషయం ఆలోచించమని అదే పత్రంలో ఉంది గానీ, అది అసలు సిఫార్సు వాక్యంలో లేదు, కింద వివరణల్లో ఉంది. పరీక్షను రోగి జేబుకు భారం లేకుండా బీమా భరించాలా వద్దా అన్నది ఆ అసలు వాక్యాన్ని బట్టే తేలుతుంది. వివరణల దాకా వెళ్లి చదివే తీరిక పావుగంట అపాయింట్‌మెంట్లలో ఎవరికుంటుంది?

మా శరీరాల సంగతి వైద్యులకు కొత్తేమీ కాదు. చూడ్డానికి సన్నగా ఉన్నా, కండ తక్కువగా, పొట్ట లోపల అవయవాల చుట్టూ కొవ్వు ఎక్కువగా ఉండటం దక్షిణాసియా వాళ్లలో తరచుగా కనిపిస్తుంది. తెల్లవారి బరువుతో గీసిన గీత మా దగ్గరకొచ్చేసరికి ఆలస్యమవుతుంది. 2011 నుంచి 2016 దాకా జరిగిన జాతీయ ఆరోగ్య సర్వేను విశ్లేషించినప్పుడు, పెద్దవాళ్లలో డయాబెటిస్ తెల్లవారిలో 12.1 శాతం, ఆసియన్లలో 19.1 శాతం, దక్షిణాసియన్లను విడిగా చూస్తే 23.3 శాతం అని తేలింది. షుగరున్నా ఆ సంగతే తెలియనివాళ్లు తెల్లవారిలో 3.9 శాతం కాగా, ఆసియన్లలోనూ హిస్పానిక్‌లలోనూ (లాటిన్ అమెరికా మూలాలవారు) 7.5 శాతం. నేను రెండేళ్లపాటు ఆ 7.5 శాతంలోనే ఉన్నాను.

అయ్యా, విచిత్రమేమిటంటే, మీ శాఖలోనే రెండు గీతలున్నాయి. మీ శాఖ కింద వ్యాధుల నివారణ చూసే సంస్థ సీడీసీ నడిపే జాతీయ డయాబెటిస్ నివారణ కార్యక్రమంలో చేరడానికి మిగతావాళ్లకు బీఎంఐ 25 ఉండాలి, ఆసియన్లకు 23 చాలు. ముఖ్యంగా 65 దాటినవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే బీమా మెడికేర్ తరఫున నడిచే కార్యక్రమంలోనూ ఇదే లెక్క. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లోనే 23కు మారింది. అంటే షుగరు రాకుండా చూసే తరగతికి నా బీఎంఐ చాలు, కాని ఆ తరగతి నాకు అవసరమో కాదో తేల్చే పరీక్షకు మాత్రం చాలదు.

ఒక సముదాయాన్ని విడిగా చూసి పనిచేస్తే ఏమవుతుందో మీ శాఖకు తెలియనిది కాదు. ఈ దేశపు ఆదివాసుల కోసం 1997లో ప్రత్యేక డయాబెటిస్ కార్యక్రమం మొదలైంది. 1996 నుంచి 2013 మధ్య వాళ్లలో షుగరు వల్ల కిడ్నీలు పూర్తిగా పాడయ్యే కేసులు 54 శాతం తగ్గాయని సీడీసీయే ప్రకటించింది. వాళ్ల కష్టంతో మాది పోల్చదగింది కాదు, మేము అడిగేది అంత పెద్ద కార్యక్రమమూ కాదు. టాస్క్‌ఫోర్స్ సిఫార్సులను సమీక్షించే అధికారం మంత్రికి ఉందని 2025 జూన్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. తదుపరి సమీక్షలో 23 అన్న అంకెను వివరణల్లోంచి అసలు వాక్యంలోకి తెప్పించండి.

అలాగే, ‘ఏషియన్’ అన్న ఒకే గడిలో మమ్మల్నీ జపాన్ వాళ్లనూ కలిపేస్తే సగటు తప్ప మరేమీ కనిపించదు. ఫారాల్లో ‘ఏషియన్ ఇండియన్’ వంటి గడులు విడిగా ఉండాలని 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించి, 2029 దాకా గడువిచ్చింది. మీ శాఖ సర్వేలు ఆ గడువు చివరి రోజు దాకా ఆగనక్కర్లేదు.

భాష సంగతి కూడా చెప్పాలి. మా అమ్మకు 66 ఏళ్లు. గ్రీన్‌కార్డు మీద వచ్చి అయిదేళ్లు నిండలేదు కాబట్టి ఆమెకు ఇంకా మెడికేర్ లేదు, మేమే బీమా కొన్నాం. షుగరు మందుల కోసం తీసుకెళ్తే, ‘ఇండియన్’ అని చూసి ఫోన్లో హిందీ దుబాసీని కలిపారు. మా అమ్మకు హిందీ రాదు. పక్కనున్న మా పదకొండేళ్ల అమ్మాయిని చెప్పమన్నారు. పిల్లల చేత అలా చెప్పించకూడదని మీ నిబంధనలే అంటున్నాయి. వస్తూ వస్తూ ఆహారపట్టిక ఒకటి ఇచ్చారు. అందులో బేగెల్, సీరియల్, మాష్డ్ పొటాటో ఉన్నాయి. అన్నం అని ఉన్న ఒకే ఒక్క చోట మూడోవంతు కప్పు అని రాసి ఉంటే, అమ్మ ఆ కప్పును చేతిలో పట్టుకుని, “ఇది పిల్లికా?” అంది. పెసరట్టు, పప్పు, గోంగూర గురించి అందులో ఒక్క ముక్క లేదు. ఈ దేశంలో తెలుగు మాట్లాడేవాళ్లు నాలుగు లక్షలకు పైనే ఉన్నారు. తెలుగు తెలిసిన ఆహార నిపుణులతో ఒక్క పేజీ రాయించడం మీ శాఖకు భారం కాదు.

మా తమ్ముడికి 38 ఏళ్లు, బీఎంఐ 24. వచ్చే నెల అతని చెకప్. ఏ1సీ చేయమని అడగమని చెప్పాను. అడుగుతాడు. బిల్లు వస్తే కట్టుకుంటాడు.

భవదీయుడు,
ఇర్వింగ్, టెక్సాస్ వాసి