కోర్టు జప్తులో ఉన్న ప్లాటును అమ్మజూపడంపై ఫిర్యాదు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

అయ్యా,

మీ లేఅవుట్‌లో తూర్పు ముఖం ప్లాటుకు అగ్రిమెంట్ రాయించుకుని, ధరలో పదో వంతు అడ్వాన్సు కట్టాను. అది మా నాన్నగారి రిటైర్మెంట్ సొమ్ము. మిగతాదానికి బ్యాంకు లోను పెట్టుకుంటే ప్యానెల్ లాయర్ ఫైలు తిప్పి పంపారు. సదరు సర్వే నంబరు భూమి సివిల్ కోర్టు జప్తులో ఉందని రాశారు.

వెంటనే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తాజా ఈసీ (ఆస్తిపై ఉన్న లావాదేవీలు, భారాలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించాను. చివరి ఎంట్రీలో దావా నంబరు, ప్రతివాదిగా భూయజమాని పేరు, జప్తు ఉత్తర్వు తేదీ స్పష్టంగా ఉన్నాయి. మీ సేల్స్ మేనేజర్ ఫైల్లో పెట్టిచ్చిన ఈసీ సరిగ్గా ఆ ఉత్తర్వుకు ముందు నెలతో ఆగిపోయింది. నా అగ్రిమెంటేమో ఉత్తర్వు తర్వాత రాసినది. ఇది యాదృచ్ఛికమంటే నేను నమ్మలేను.

ఆ మేనేజర్‌ను నిలదీస్తే, "అది ఓనర్ గారి అప్పు గొడవ సార్, స్థలం తగాదా కాదు. ముందు రిజిస్ట్రేషన్ కానివ్వండి, కేసు మేం చూసుకుంటాం" అన్నారు. అప్పు దావా కాబట్టే కదా భూమిని జప్తు చేసింది! రేపు బాకీ కట్టాలని డిక్రీ (కోర్టు తీర్పు ఉత్తర్వు) అయితే ఆ సొమ్ము దాన్నుంచే రాబట్టుకుంటారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 64వ సెక్షన్ ప్రకారం జప్తు తర్వాత చేసిన ప్రైవేటు అమ్మకం, ఆ జప్తు కింద రావలసిన బాకీల ముందు చెల్లదు. పైగా ఇది తీర్పుకు ముందే వేసిన జప్తు. డిక్రీ వచ్చాక అప్పిచ్చినవారు మళ్లీ జప్తు కోరనక్కర్లేదని అదే కోడ్ 38వ ఆర్డరు 11వ రూలు చెబుతోంది. నేరుగా ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) వేసి వేలానికి వెళ్లవచ్చు. అప్పుడు నా చేతిలో సేల్ డీడ్ ఉంటుంది, ప్లాటు పాటలో పోతుంది. మీ మేనేజర్ నోటిమాట ఏ కోర్టులో అక్కరకొస్తుంది?

భూమిపై ఉన్న భారాల వివరాలను రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ సమయంలోనే ప్రమాణపూర్వకంగా తెలపడం 2016 రెరా చట్టం 4వ సెక్షన్ కింద ప్రమోటరు బాధ్యత. టైటిల్ లోపం వల్ల కొన్నవారికి నష్టం కలిగితే 18వ సెక్షన్ కింద పరిహారం కట్టాలి, ఆ క్లెయిముకు కాలదోషం కూడా పట్టదు. ఓనర్ మీద నెట్టేస్తే మీ పూచీ తీరిపోదు.

నాకు బ్యాంకు లోను అవసరం పడింది కాబట్టి సంగతి బయటపడింది. అదే సర్వే నంబరులో నగదుకే కొంటున్న ఒక ఆర్టీసీ కండక్టర్ గారికి నేను చెప్పేదాకా ఏమీ తెలియదు. ఆయన పిల్ల పెళ్లికి దాచిన డబ్బు తెచ్చి మీ కౌంటరులో కట్టారు. నాకన్నా ఆయన పరిస్థితే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది.

దీనికి దారి లేకపోలేదు. భూయజమాని కోర్టులో తగిన సెక్యూరిటీ, ఖర్చులకు పూచీ సమర్పిస్తే 38వ ఆర్డరు 9వ రూలు కింద జప్తు ఎత్తివేస్తారు. ఆ ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ, అది నమోదైన కొత్త ఈసీ నాకు చూపించండి, అదే రోజు రిజిస్ట్రేషన్‌కు వస్తాను. మీవల్ల కాకపోతే అడ్వాన్సు మొత్తం నిబంధనల ప్రకారం వడ్డీతో తిరిగి ఇచ్చేయండి. ఏది చేసినా, జప్తు ఉన్నంతకాలం ఆ సర్వే నంబరులో మరో ప్లాటు అమ్మకండి, ఇప్పటికే కట్టినవారందరికీ జప్తు సంగతి లిఖితపూర్వకంగా తెలియజేయండి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వక జవాబు రాకపోతే రెరా అథారిటీకి ఫిర్యాదు చేస్తాను. రెండు ఈసీల నకళ్లు, బ్యాంకు లాయర్ అభిప్రాయం, అడ్వాన్సు రసీదు జతపరిచాను.

ఇట్లు,
మీ లేఅవుట్ ప్లాటు కొనుగోలుదారు