బీటలు వారిన బల్లలు, బిగుసుకున్న సొరుగులు, ఆలస్యమైన ఆర్డర్లు: మా కస్టమర్లకు

మా దగ్గర టేకు డైనింగ్ టేబుల్ తీసుకున్న కొన్ని ఇళ్ల నుంచి, పలక చివర బీట వచ్చిందని ఫొటోలు వచ్చాయి. ఇంకొన్ని ఇళ్లలో సొరుగు సగం దాకా వచ్చి ఆగిపోతోంది. ఆర్డర్ ఇచ్చి ఎదురుచూస్తున్నవాళ్లు ఇంకెన్నాళ్లని అడుగుతున్నారు. ఈ మూడింటికీ మూలం చెక్కలోని తేమే. తప్పు మాది. చెక్క కదలడానికి చోటు వదలకుండా బిగించాం. ఏం జరిగిందో, మీ ఇంట్లో ఏం చూసుకోవాలో, మేం ఏం మారుస్తున్నామో వివరంగా చెబుతాం.

ఎంత బాగా ఆరిన చెక్కయినా గాలిలో తేమను బట్టి నీటిని పీల్చుకుంటూ, వదులుతూనే ఉంటుంది. వేడి 30 డిగ్రీలు, గాలిలో తేమ 80 శాతం ఉన్న చోట చెక్కలో తేమ 16 శాతం దగ్గర కుదురుకుంటుంది. రోజంతా ఏసీ నడిచి గాలి తేమ 50 శాతానికి దిగిన గదిలో అదే చెక్క మెల్లగా 9, 10 శాతానికి వస్తుంది. లాసన్స్ బే కాలనీలో కిటికీలు ఎప్పుడూ తెరిచి ఉండే ఇల్లు, మధురవాడలో ఏసీ ఆపని ఫ్లాటు విశాఖలోనే ఉన్నా, చెక్క లెక్కలో అవి రెండు వేర్వేరు ఊళ్లు. మేం ఇన్నాళ్లూ రెండింటికీ ఒకే రకంగా చేసి పంపాం.

ఎంత కదులుతుందో లెక్క చూడండి. పలకను చివరి నుంచి చూసినప్పుడు చెట్టు వయసు వలయాలు అడ్డంగా పడుకున్నట్టు కనిపిస్తే, చెక్కలో తేమ ఒక్క శాతం మారినప్పుడు టేకు ప్రతి 100 మి.మీ. వెడల్పుకు సుమారు 0.19 మి.మీ. కదులుతుంది. వలయాలు నిలబడి ఉంటే 0.10 మి.మీ. కదులుతుంది. పొడవు దిశలో కదలిక లెక్కలోకి రానంత తక్కువ. మూడడుగుల, అంటే 900 మి.మీ. వెడల్పు బల్ల మా షెడ్డులో 14 శాతం తేమతో తయారై, ఏసీ గదిలో 10 శాతానికి దిగితే దాదాపు 7 మి.మీ. సన్నబడాలి. మేమేమో ఆ పలకను కాళ్లను కలిపే కింది పట్టీలకు ఎనిమిది ఎల్ ఆకారపు లోహపు యాంగిళ్లతో, స్క్రూకి సరిగ్గా సరిపోయే బెజ్జాలతో, కదలకుండా బిగించాం. చెక్క సన్నబడాలి, స్క్రూలు వదలవు. అప్పుడు అది తనకు తాను దారి చేసుకుంటుంది. చివరలు ముందుగా ఆరతాయి కాబట్టి బీట ఎప్పుడూ చివరి నుంచే మొదలవుతుంది.

మీ బల్లకు బీట ఉంటే దాన్ని దగ్గర నుంచి చూడండి. రెండు పలకలు అతికిన గీత మీదుగానే విడిపోయి, లోపల గోరుతో గీస్తే నున్నగా గాజులా ఎండిన జిగురు తగిలితే, అది అతుకు విఫలం కావడం. టేకులో సహజంగా నూనె ఉంటుంది. చిత్రిక పట్టిన వెంటనే గానీ, అసిటోన్‌తో తుడిచి గంటలోపు గానీ అతికించకపోతే జిగురు సరిగా పట్టదు. అలా కాక బీట అతుకుకు ఒక వేలెడు పక్కగా, చెక్కలోంచే వెళ్తూ, చివర 2 మి.మీ. వెడల్పుతో మొదలై ఒక అడుగు లోపలికి వెళ్లేసరికి వెంట్రుకలా సన్నబడితే, అతుకు బాగానే ఉన్నట్టు, బిగింపు తప్పయినట్టు. మాకు వచ్చిన ఫొటోల్లో ఎక్కువ ఈ రెండో రకమే.

దయచేసి ఆ బీటలో లప్పం గానీ, రంపపు పొట్టు కలిపిన ఫెవికాల్ గానీ నింపకండి. మీ ఇంటికి వచ్చే వడ్రంగి మొదట చెప్పేది అదే. వేసవిలో విచ్చుకున్న బీటను నింపితే, వానాకాలంలో ఉబ్బిన చెక్కకు మూసుకునే చోటుండదు. ఆ అంచులు లోపల నలిగిపోతాయి. వచ్చే వేసవికి పక్కనే మరో బీట వస్తుంది, లేదా అదే ఇంకా వెడల్పవుతుంది. ముందు బిగింపు వదులు చేయాలి, ఒక వానాకాలం గడవనివ్వాలి, అప్పుడు మిగిలిన సందునే అతకాలి.

బిగింపు మార్చడం మీరూ చేసుకోవచ్చు. ఇద్దరు కలిసి బల్లను పాత పరుపు మీద బోర్లించండి. వెడల్పులో సరిగ్గా మధ్యనున్న యాంగిళ్లను అలాగే ఉంచండి. మిగిలినవాటిలో పలకలోకి వెళ్లే స్క్రూలు తీసి, యాంగిల్ బెజ్జాన్ని గుండ్రటి ఆకురాయితో బల్ల వెడల్పు దిశలో 12 మి.మీ. పొడవు వచ్చేలా సాగదీయండి. ఏసీ గదిలో బల్ల ఇంకా సన్నబడుతుంది కాబట్టి సాగదీత ఎక్కువగా బల్ల మధ్య వైపు ఉండాలి. వాషర్ వేసి స్క్రూ పూర్తిగా బిగించి, పావు మర వెనక్కి తిప్పండి. పలక 25 మి.మీ. మందం ఉంటే స్క్రూ అందులోకి 15 మి.మీ. మించి దిగకూడదు, లేకపోతే మొన పైకి తేలుతుంది.

చేసుకోలేనివాళ్లకు మేమే వచ్చి యాంగిళ్లు తీసేసి చెక్క బొత్తాలు, అంటే ఒక చివర నాలుకలా సన్నగా ఉండే చిన్న చెక్క ముక్కలు వేస్తాం, డబ్బు తీసుకోం. పట్టీ లోపలి వైపు, పై అంచుకు 12 మి.మీ. కింద 12 మి.మీ. లోతు గాడి తీస్తాం. బొత్తాం నాలుక ఆ గాడిలో కూర్చుంటుంది. బొత్తాం పైభాగం నుంచి నాలుక దాకా ఉండే మెట్టు 11 మి.మీ. మాత్రమే ఉంచుతాం. ఆ ఒక్క మిల్లీమీటరు తేడా వల్లే స్క్రూ బిగించినప్పుడు పలక కిందికి లాగినట్టు గట్టిగా కూర్చుంటుంది, అయినా పక్కలకు జారగలదు. పొడవు పట్టీల దగ్గర ఇంటిని బట్టి తేడా చేస్తాం. ఏసీ ఇంటికైతే నాలుకను గాడిలోకి పూర్తిగా తోసి పెడతాం, పలక సన్నబడేకొద్దీ అది బయటికి వస్తుంది. కిటికీలు తెరిచి ఉండే ఇంటికైతే 4 మి.మీ. సందు వదులుతాం, ఎందుకంటే అక్కడ పలక బయటికి పెరుగుతుంది.

కొన్ని బల్లలకు రెండు చివరలా, పలక వెడల్పునా అడ్డంగా వేసిన అడ్డ పట్టీ ఉంది. దాన్ని పూర్తి వెడల్పునా జిగురుతో అతికించడం మా మరో పొరపాటు. ఇకమీదట మధ్యలో 80 మి.మీ. మేరకే జిగురు, అటూ ఇటూ సాగదీసిన బెజ్జాల్లో చెక్క మేకులు. ఇలా చేసిన బల్లలో వేసవిలో అడ్డ పట్టీ చివర రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొస్తుంది, వానల్లో లోపలికి పోయినట్టు ఉంటుంది. చేతికి తగులుతుంది కూడా. అది ఉండాల్సిందే. దాన్ని ఉప్పు కాగితంతో అరగదీయించకండి.

సొరుగుల సంగతి దీనికి తలకిందులు. వాటికి కిల్న్‌లో, అంటే చెక్క ఆరబెట్టే వేడి గదిలో ఆరబెట్టిన, 10 శాతం తేమ ఉన్న చెక్క వాడి, పైన ఒక్క మిల్లీమీటరే ఖాళీ ఇచ్చాం. 180 మి.మీ. ఎత్తున్న సొరుగు ముఖం సముద్రపు గాలి తగిలే గదిలో 15 శాతానికి చేరితే 1.7 మి.మీ. పెరుగుతుంది. ఇక కదలమంటే ఎలా కదులుతుంది? ఇప్పటినుంచి పొడి చెక్కతో చేస్తే 3 మి.మీ., వానాకాలంలో తేమగా ఉన్నప్పుడు చేస్తే 1.5 మి.మీ. ఖాళీ ఇస్తున్నాం. మీ సొరుగు ఇప్పుడు బిగుసుకుంటే రాసుకునే చోట నున్నగా మెరుస్తూ ఉంటుంది. అక్కడ కొవ్వొత్తి రుద్దండి. కొబ్బరి నూనె వద్దు, దుమ్ము పట్టి జిగటవుతుంది. సెప్టెంబరులో చిత్రిక పట్టించవద్దు, జనవరికి ఆ సందు వికారంగా కనిపిస్తుంది. జనవరిలోనూ బిగుసుకుంటే మాకు చెప్పండి, అప్పుడు తీస్తాం.

ఇక ఆలస్యం. కోత మిల్లు నుంచి వచ్చిన పలకల మధ్య అడుగున్నరకు ఒకటి చొప్పున అంగుళం బద్దలు పెట్టి, గాలి ఆడేలా పేర్చి, చివరలకు మైనం పూస్తాం. తేమ మీటరును పలక పైన గుచ్చితే మోసపోతాం, పైపొర ఎప్పుడూ పొడిగానే చూపిస్తుంది. ఒక పలకను మధ్యలో కోసి, ఆ తాజా కోతలో గుచ్చి చూస్తాం. 12 శాతానికి దిగాక కూడా ఒకేసారి చిత్రిక పట్టం. కావలసిన మందం కంటే 3 మి.మీ. ఎక్కువ ఉంచి ముందు ముతకగా పట్టి, పది రోజులు వదిలేస్తాం. లోపల బిగువున్న పలక ఏదైనా ఉంటే ఆ పది రోజుల్లోనే వంకర పోతుంది. అది మీ ఇంట్లో జరిగే బదులు మా షెడ్డులో జరగడం మంచిది. ఉద్యోగాలు చేసుకుంటూ శని, ఆదివారాల్లోనే పనిచేసే చిన్న వర్క్‌షాప్ మాది. ఇవన్నీ కలిపితే ఆరు వారాలన్న బల్ల పన్నెండు వారాలవుతోంది. ఆగలేమనుకునేవాళ్లకు అడ్వాన్సు మొత్తం తిరిగి ఇస్తాం. ఇప్పటికే ఇచ్చిన ఆర్డర్లకు ధర మారదు.

ధర ఎందుకు తగ్గించలేమని అడిగినవాళ్ల కోసం ఒక లెక్క. ఆరడుగులకు మూడడుగుల బల్ల, అంగుళం పలకకు 1.5 ఘనపుటడుగులు. మూడంగుళాల చదరం, 30 అంగుళాల పొడవున్న నాలుగు కాళ్లకు 0.63. పట్టీలకు 0.42. మొత్తం రెండున్నరకు కాస్త పైన. కానీ బెరడు పక్కనుండే తెల్ల చెక్క తీసేసి, నడిమి గట్టి చెక్క అయిన చేవ మాత్రమే వాడి, ముడులు, చివరి నెర్రెలు కోసేసి, రెండుసార్లు చిత్రిక పట్టేసరికి మూడో వంతు పోతుంది. అందుకే కొనాల్సింది 3.8 ఘనపుటడుగులు. తెల్ల చెక్క కలిపితే చవకే, కానీ పుచ్చు పురుగు మొదట పట్టేది దాన్నే.

పాలిష్ విషయంలో కూడా ఒక మార్పు. వానల్లో లాకర్ (మెరుపు పాలిష్) కొడితే అందులో కలిపిన థిన్నర్ వేగంగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద చేరి పొర పాలలా తెల్లబడుతుంది. గాలి తేమ 80 శాతం దాటిన రోజు ఇకమీదట లాకర్ కొట్టం. తెల్ల మరకలు ఉన్నవాళ్లు వాటిని రుద్దకండి, పొడి వాతావరణం చూసి మేం వచ్చి పలచగా రిటార్డర్ (మెల్లగా ఆరే థిన్నర్) కొడితే చాలావరకు పోతాయి.

బీచ్ రోడ్డు, రుషికొండ వైపు ఇళ్లకు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలే వాడుతున్నాం, ఉప్పు గాలికి మామూలు ఇనుము నిలవదు. ఇత్తడి అడిగినవాళ్లకు ముందు అదే సైజు ఇనుప స్క్రూ ఎక్కించి తీసి, ఆ దారిలో ఇత్తడిది ఎక్కిస్తాం. నేరుగా ఎక్కిస్తే టేకులో తల తెగిపోతుంది.

2014 అక్టోబరులో హుద్‌హుద్‌కు కూలిన చెట్ల పలకలు ఇంట్లో ఉన్నాయి, వాటితో చేస్తారా అని అడుగుతుంటారు. చేస్తాం. తెచ్చే ముందు బెరడు తీసేసి, పలక కింద తెల్ల కాగితం పరిచి పది రోజులు చూడండి. మెత్తటి పిండి రాలితే లోపల పురుగు ఇంకా బతికే ఉంది. అలాంటి పలకను వేరే చెక్కల మధ్య పెట్టలేం.

ఫొటోలు పంపేవాళ్లు మూడు పంపండి: బీట మీద స్కేలు పెట్టి ఒకటి, పలక చివర వలయాలు కనిపించేలా ఒకటి, బల్ల కింద యాంగిళ్లు కనిపించేలా ఒకటి. ఆ గదిలో ఏసీ రోజుకు ఎన్ని గంటలు నడుస్తుందో కూడా రాయండి. బీట ఒక అడుగు దాటిన బల్లలకు ముందు వస్తాం, మిగతావాటికి ఫొటోలు వచ్చిన వరుసలో.