అమెరికాలో పిల్లలున్న వైజాగ్ పేరెంట్స్‌కి
అందరికీ నమస్కారమండి. పిల్లల్ని ఐస్ (ICE, అమెరికా ఇమిగ్రేషన్ పోలీసులు) వాళ్లు పట్టుకెళ్తే ముందు ‘ఆన్‌లైన్ డిటైనీ లొకేటర్’ అనే ఐస్ వెబ్‌సైట్‌లో వెతకాలి. ఏ-నంబర్ (ఇమిగ్రేషన్ వాళ్లిచ్చే గుర్తింపు నంబరు), పుట్టిన దేశం ఉంటే చాలు. ఓపీటీ (స్టూడెంట్ వీసా మీద ఉద్యోగ అనుమతి) వాళ్లకి అది ఈఏడీ కార్డు (వర్క్ పర్మిట్) మీద ‘యూఎస్‌సీఐఎస్ నంబర్’ పేరుతో ఉంటుంది. 9 అంకెలు కావాలి; 8 ఉంటే ముందు సున్నా పెట్టండి. నంబరు లేకపోతే పేరుతోనే వెతకాలి. మన చిక్కంతా అక్కడే: స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం తేడా వచ్చినా దొరకదు. అందుకే పాస్‌పోర్టు, ఐ-94 (అమెరికాలోకి వచ్చిన రికార్డు), ఐ-20 (కాలేజీ ఇచ్చే పత్రం) కాపీలు ఇవాళే తెప్పించుకుని దాచండి.

పిల్లలకి చెప్పండి: ఐస్ అధికారి సంతకం పెట్టిన ఐ-200 (ఇమిగ్రేషన్ అరెస్టు వారెంటు) చూపిస్తే ఇంటి తలుపు తీయక్కర్లేదు, కోర్టు జడ్జి సంతకం ఉండాలి. లాయర్ చూడకుండా దేనిమీదా సంతకం వద్దు. ఇండియన్ కాన్సులేట్‌కి కబురు చేయమని అడగొచ్చు. లాయర్‌ని ప్రభుత్వం ఇవ్వదు, మనమే పెట్టుకోవాలి. ఆ లాయర్ ఫోన్ నంబరు బట్టీ పట్టించండి, ఫోన్ ఎలాగూ తీసేసుకుంటారు.