వేరుచేసిన చెత్తను మళ్లీ కలపకండి: మా మున్సిపల్ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

కమిషనర్ గారికి నమస్కారం.

మా వీధిలో చాలా ఇళ్లవాళ్లు తడి చెత్త, పొడి చెత్త విడిగా ఇస్తున్నారు. పాల ప్యాకెట్ కత్తిరించేటప్పుడు మూల ముక్క ఊడకుండా చూస్తున్నాం. అంత చిన్న ముక్కను తర్వాత ఎవరూ ఏరలేరు కదా. తీరా బండి వచ్చాక అన్నీ ఒకే తొట్టిలో పడుతున్నాయి. కూరగాయల తొక్కల తడి తగిలిన అట్టపెట్టెలు పాత సామాను కొట్టుకు కూడా పనికిరావు. ప్లాస్టిక్ కలిసిన తొక్కలతో మంచి ఎరువూ తయారవదు. ఇది పారిశుద్ధ్య కార్మికుల తప్పు కాదండీ. బండిలో అడ్డు పలకే లేకపోతే వాళ్లేం చేస్తారు?

2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలే ఇంట్లో మూడు రకాలుగా వేరుచేయమన్నాయి. ఆ మూడో రకం, అంటే పాత బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు, గడువు దాటిన మందులు ఎక్కడ ఇవ్వాలో మాకు ఎవరూ చెప్పలేదు. వాటికి వార్డు ఆఫీసులో ఒక డబ్బా పెట్టించండి. బండ్లకు అడ్డు పలకలు వేయించండి. అది ఆలస్యమయ్యేట్టయితే పొడి చెత్తకు వారంలో రెండు రోజులు కేటాయించండి.

ఇట్లు,
మీ పట్టణ పౌరురాలు