అమ్మ కన్ను విషయంలో ఆదుకున్న అందరికీ

అమ్మకి ఆపరేషన్ అయి నిన్నటికి 3 వారాలు. నరసాపురం వచ్చేశాం. ఫోన్ చేసిన అందరితో విడివిడిగా మాట్లాడలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అమ్మ 30 ఏళ్లుగా లేసు అల్లుతోంది. సంక్రాంతి ముందు నుంచీ సూది రెండుగా కనబడుతోందంటే చత్వారం అనుకున్నాం. కుడి కన్ను ముందుకొచ్చినట్టుందని ఒకచోట చూపిస్తే థైరాయిడ్ అన్నారు. పెద్దవాళ్లలో ఇలా కన్ను ముందుకొస్తే ఎక్కువగా అదే కారణమట, అనుమానించడంలో తప్పులేదు. కానీ రక్తపరీక్షలు నార్మల్ వచ్చాక కూడా 3 నెలలు చుక్కల మందే వేయించడం ఇప్పటికీ మింగుడుపడట్లేదు.

మొదటి దండం మా వీధి చివర కళ్లజోళ్ల షాపు మావయ్యగారికి. అద్దాలు మార్పించుకుందామని వెళ్తే, అమ్మని స్టూలు మీద కూర్చోబెట్టి, తను వెనక నిలబడి, తల వెనక్కి వాల్చమని నుదుటి మీదుగా రెండు కళ్లనీ పోల్చి చూశారు. "చెల్లెమ్మా, ఇది అద్దాలతో పోయేది కాదు, విశాఖ వెళ్లండి" అన్నారు. బేరం వదులుకుని మరీ.

విశాఖలో డాక్టరమ్మ పాత ఫొటోలు అడిగారు. పాలకొల్లు అత్తయ్య రాత్రికి రాత్రి పెళ్లి ఆల్బమ్ మొత్తం ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపింది. 2016 నాటి ఫొటోలోనే కుడి కన్ను కాస్త కిందికి దిగి ఉంది! మేమెవ్వరం గమనించలేదు. ఇంత నెమ్మదిగా పెరిగిందంటే అది మంచి కబురేనన్నారు. ఒంటి మీద కాఫీరంగు మచ్చలున్నాయా, ఇంట్లో ఎవరికైనా గడ్డలున్నాయా అని కూడా అడిగారు. లేవు. ఎమ్మారైలో కనుగుడ్డు పైన నున్నటి అంచులతో గడ్డ కనిపించింది. ట్యూమర్ అన్న మాట చెవిన పడ్డాక నాన్న రెండు రోజులు అన్నం ముట్టలేదు.

పైరెప్ప మడతలో కోసి, పొరతో సహా మొత్తం తీశారు. ముక్క మిగిలితే మళ్లీ పెరగొచ్చట. బయాప్సీలో ష్వానోమా అని తేలింది. నరం చుట్టూ ఉండే తొడుగులో పుట్టే గడ్డ, క్యాన్సర్ కాదు. ఆ నరం చూపుది కాదు, నుదుటికి స్పర్శనిచ్చేది. అందుకే ఇప్పుడు కుడివైపు మాడు మీద దువ్వెన ఆనినా అమ్మకి తెలియట్లేదు. చూపు మాత్రం భేషుగ్గా ఉంది.

వానలో నిడదవోలు దాకా కారులో తీసుకెళ్లి రైలెక్కించిన తమ్ముడికీ, వార్డులో నర్సమ్మలకీ రుణపడి ఉంటాను. అమ్మ ఒప్పుకున్న టేబుల్ క్లాత్ ఆగిపోకుండా తలా నాలుగు పువ్వులు పంచుకుని అల్లిన పిన్నులూ, మీకు మరీనూ. ఏ పువ్వు ఎవరిదో, ఎవరి అల్లిక వదులైందో అమ్మ అప్పుడే కనిపెట్టేసింది.