నాకు పూల్ నేర్పేది ఎవరో నాలుగు నెలలుగా ఎవరూ చెప్పట్లేదు

కస్టమర్ కేర్ విభాగం అధిపతి గారికి,

నమస్కారం. నేను మీ కూకట్‌పల్లి బ్రాంచిలో ఎనిమిదేళ్లుగా సభ్యుణ్ణి. జూన్ 7న 12 పూల్ క్లాసులకి (క్యూ అనే కర్రతో బాల్స్ కొట్టి టేబుల్ అంచుల్లోని పాకెట్లలో వేసే ఆట) 18,000 రూపాయలు కట్టాను. ఇప్పటికి జరిగినవి మూడు. మిగతా తొమ్మిదీ ఎవరు చెబుతారని నాలుగు నెలలుగా అడుగుతున్నాను. డబ్బు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. అడిగిన మాటకి జవాబు చెప్పకుండా ఒక మనిషిని ఇన్నాళ్లు తిప్పడం ఏమిటి? నన్ను తిప్పింది ఎలాగో మీరు పూర్తిగా చదవాలి. మీ కింద వాళ్లెవరూ చదవలేదు కాబట్టే మీకు రాస్తున్నాను.

మీ బ్రాంచి తెరిచిన ఏడాదే నేను చేరాను. అప్పుడు నాలుగే టేబుళ్లు ఉండేవి, ఏసీ సగం రోజులు పనిచేసేది కాదు. 2020లో లాక్‌డౌన్ వచ్చి నెలల తరబడి తాళం పడ్డప్పుడు చాలామంది సభ్యత్వం డబ్బు వెనక్కి అడిగారు. అప్పటి మేనేజర్ గారు నాకు ఫోన్ చేసి, "మీలాంటి పాతవాళ్లు నిలబడితేనే మేం నిలబడతాం సార్" అన్నారు. నేను ఒక్క రూపాయి అడగలేదు. ఆ తర్వాత మా ఆఫీసు నుంచి ఆరుగురిని తీసుకొచ్చి చేర్పించాను. నాకేదో ఉపకారం చెయ్యమని ఇవన్నీ చెప్పట్లేదు. మీ రిజిస్టర్లో నేనెవరో మీకు తెలియాలి, అంతే.

పూల్ నేను డిగ్రీ రోజుల నుంచి ఆడుతున్నాను. బాల్‌ని పాకెట్‌లో వెయ్యడం వచ్చు. వేశాక, క్యూతో నేరుగా కొట్టే తెల్ల బాల్ ఎక్కడ ఆగుతుందో మాత్రం నా చేతిలో ఉండదు. ఎయిట్ బాల్ అనే పూల్ ఆటలో మూడు, నాలుగు వరసగా పడతాయి. ఐదోదానికి వచ్చేసరికి తెల్ల బాల్ ఎక్కడో టేబుల్ అంచుకి ఆనుకుని ఉంటుంది. వీడియోలు చూశాను, పుస్తకం చదివాను. వీడియోలో నేర్పే ఆయన మోచెయ్యి నాకు కనిపిస్తుంది గానీ నా మోచెయ్యి ఆయనకి కనిపించదు కదా. పక్కన నిలబడి నా ఆట చూసే మనిషి కావాలి. అందుకే కోచింగ్‌లో చేరాను.

చేర్పించేటప్పుడు మీ సేల్స్ అబ్బాయి గోడమీద బిలియర్డ్స్, స్నూకర్ ప్రపంచ చాంపియన్ పంకజ్ అద్వానీ పోస్టర్ చూపించాడు. "ఈయన కూడా చిన్నప్పుడు అరవింద్ సావూర్ గారి దగ్గర నేర్చుకున్నాడు సార్, కోచ్ లేకుండా ఎవరికీ రాదు" అన్నాడు. ఆ మాట నిజం. సావూర్ గారు తనూ స్నూకర్‌లో (పూల్‌లాంటిదే, టేబుల్ పెద్దది) జాతీయ చాంపియన్‌గా ఆడిన మనిషి, శిష్యుణ్ణి కూర్చోబెట్టి ఆట నేర్పిన మనిషి. ఆ పోస్టర్ కిందే నిలబడి నేను కార్డు గీకాను. మీ మాట నమ్మాను.

మొదటి రెండు క్లాసులు చెప్పిన కుర్రాడు మంచి ఆటగాడే, కాదనను. కానీ ఆ రెండు గంటల్లో నా చేతిలో క్యూ ఉన్నది ఇరవై నిమిషాలు. మిగతా సేపంతా ఆయన ఆడుతుంటే నేను చూశాను. "ఇలా కొట్టాలి సార్" అనేవాడు, కొట్టేవాడు, బాల్ పడేది. నేను కొట్టేటప్పుడు ఆయన ఫోన్ చూసుకునేవాడు. బాగా ఆడటం వేరు, ఎదుటివాడి ఆటలో తప్పు పట్టుకోవడం వేరు. ఇదే మీ రిసెప్షన్‌లో మర్యాదగా చెప్పి, ఇంకొకరిని ఇవ్వమని అడిగాను.

మూడో శనివారం ఒక పెద్దాయన వచ్చారు. అరవై దాటి ఉంటాయి. ఆయన గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మీరు నా దగ్గర్నుంచి లాక్కున్నది ఏమిటో మీకు అర్థం కావాలి. వస్తూనే కుర్చీ వేసుకుని కూర్చుని, "పది షాట్లు కొట్టండి, నేనేం మాట్లాడను" అన్నారు. కొట్టాను. తర్వాత ఖాళీ వాటర్ బాటిల్ ఒకటి తెప్పించి టేబుల్ మీద పడుకోబెట్టారు. "క్యూ కొసని బాటిల్ మూతిలోకి పోనిచ్చి వెనక్కి తీయండి, అంచుకి తగలకూడదు" అన్నారు. తీరా చేస్తే ప్రతిసారీ టిక్కు టిక్కుమని ప్లాస్టిక్‌కి తగులుతోంది, అదీ ఎప్పుడూ కుడివైపే. "చూశారా, ముందుకు పోనిచ్చేటప్పుడు మీ మణికట్టు బయటికి తిరుగుతోంది. ఇన్నేళ్లూ మీరు తెల్ల బాల్‌ని మధ్యలో కొడుతున్నానని అనుకుంటున్నారు, పక్కన కొడుతున్నారు" అన్నారు. ఇరవై ఏళ్ల తప్పుని ఐదు నిమిషాల్లో పట్టుకున్నారు. నాకు ఒళ్లు ఝల్లుమంది.

తర్వాత రెండు బాల్స్ తిన్నగా పెట్టి, రంగు బాల్ పాకెట్‌లో పడాలి, తెల్ల బాల్ తగిలిన చోటే ఆగిపోవాలి అన్నారు. మొదట్లో పదింటికి మూడు ఆగాయి. క్లాసు అయ్యేసరికి ఏడు. వెళ్లేముందు, వచ్చేవారం ఏటవాలు షాట్లు చేద్దామన్నారు. దొర్లుకుంటూ వెళ్లిన తెల్ల బాల్ రంగు బాల్‌కి సగానికి తగిలితే, తన దారి నుంచి దాదాపు 30 డిగ్రీలు పక్కకి వెళ్తుందట. అదే దొర్లకుండా జారుతూ వెళ్లి తగిలితే, రంగు బాల్ వెళ్లిన దారికి నిలువుగా, అంటే 90 డిగ్రీల్లో వెళ్తుందట. "ఈ రెండూ కంటికి అలవాటైతే తెల్ల బాల్ మీ మాట వింటుంది" అన్నారు. ఆ వారమంతా ఆఫీసులో పెన్సిల్‌తో గీతలు గీసుకున్నాను.

నాలుగో శనివారం 6 గంటలకి వెళ్తే ఆయన లేరు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఎవరూ లేరు.

రిసెప్షన్‌లో అడిగితే "ఈరోజు లీవు సార్" అన్నారు. ఆ తర్వాతి శనివారమూ అదే మాట. మూడోసారి, "యాప్‌లో కంప్లైంట్ పెట్టండి సార్, మా చేతిలో లేదు" అన్నారు. అసలు విషయం నాకు చెప్పింది బాల్స్ సర్దే మార్కర్ కుర్రాడు. "ఆయన్ని వేరే బ్రాంచికి మార్చేశారు కదన్నా, మీకు చెప్పలేదా?" అని వాడే ఆశ్చర్యపోయాడు. దయచేసి ఆ కుర్రాణ్ణి ఏమీ అనకండి. ఈ నాలుగు నెలల్లో మీ సంస్థలో నాతో నిజం చెప్పింది వాడొక్కడే.

యాప్‌లో కంప్లైంట్ పెట్టాను. 48 గంటల్లో పరిష్కరిస్తామని మెసేజ్ వచ్చింది. 48 గంటలు కాగానే "మీ సమస్య పరిష్కారమైంది" అని ఇంకో మెసేజ్ వచ్చింది. నాతో ఎవరూ మాట్లాడలేదు, ఏమీ జరగలేదు. మళ్లీ పెట్టాను, మళ్లీ అలాగే మూసేశారు. ఇలా నాలుగుసార్లు. నా సమస్య తీరిందో లేదో నన్ను అడగకుండా మీరెలా తేలుస్తారు?

అప్పుడు కాల్ సెంటర్‌కి చేశాను. ప్రతిసారీ మొబైల్ నంబర్, సభ్యత్వం నంబర్, బ్రాంచి, మొదటి నుంచి మొత్తం కథ. చెప్పాక "మీ ఇబ్బంది అర్థమైంది సార్, లైన్‌లో ఉండండి" అంటారు. పాట వస్తుంది. ఒకసారి 22 నిమిషాలు పాట విన్నాను, తర్వాత లైన్ కట్ అయింది. తిరిగి చేస్తే ఇంకొకరు ఎత్తి, మళ్లీ మొబైల్ నంబర్ అడిగారు. ముందు మాట్లాడినవాళ్లు ఏమీ రాసిపెట్టలేదా అంటే "ఇక్కడేమీ కనిపించట్లేదు సార్" అన్నారు.

ఆగస్టులో జరిగింది వింటే మీకే సిగ్గనిపించాలి. ఒక అమ్మాయి చాలా ఓపిగ్గా విని, కోచ్‌ని తప్పకుండా ఏర్పాటు చేస్తామని మాటిచ్చింది. మనసారా థాంక్స్ చెప్పాను. మర్నాడు మెసేజ్ వచ్చింది: ఆదివారం పొద్దున 6 గంటలకి మీకు కోచ్ సిద్ధం, టోపీ, కళ్లద్దాలు, టవల్ తెచ్చుకోండి అని. పూల్ అంటే స్విమ్మింగ్ పూల్ అనుకుని ఈత కోచ్‌ని పెట్టారు! మీ సంస్థకి ఈతకొలనులు కూడా ఉన్నాయని నాకు తెలుసు. కానీ పది నిమిషాలు క్యూ గురించీ, టేబుల్ గురించీ, తెల్ల బాల్ గురించీ మాట్లాడాక కూడా నేనడిగిన ఆట ఏదో ఆ అమ్మాయికి తెలియలేదు. తప్పు తనది కాదు. మీరు అమ్ముతున్నది ఏమిటో మీ మనుషులకి చెప్పకుండా ఫోన్ల ముందు కూర్చోబెట్టిన మీది. ఆ తప్పు సరిచేయించడానికి నాకు ఇంకో మూడు ఫోన్లు పట్టాయి. ఆ మూడింట్లోనూ, ఈత క్లాసుకి రానందుకు ఒక సెషన్ కట్ అవుతుందని చెప్పారు.

బ్రాంచి మేనేజర్ గారిని కలవడానికి ఐదుసార్లు వెళ్లాను. మూడుసార్లు మీటింగ్. ఒకసారి ఇప్పుడే వెళ్లారన్నారు. ఐదోసారి దొరికారు. నిలబడే మాట్లాడారు, కూర్చోమని కూడా అనలేదు. "పూల్‌కి కోచ్‌లు దొరకరు సార్, స్నూకర్ వాళ్లు ఉన్నారు, సర్దుకోండి" అన్నారు. నాకు నచ్చిన ఆ పెద్దాయనే స్నూకర్ నుంచి వచ్చిన మనిషి. 12 అడుగుల టేబుల్ మీద నేర్చుకున్నాయన 9 అడుగుల టేబుల్ మీద నాకు చక్కగా నేర్పారు. స్టాన్స్ (నిలబడే తీరు), బ్రిడ్జ్ (క్యూకి ఆసరాగా చెయ్యి పెట్టే తీరు), స్ట్రోక్ (కొట్టే తీరు) రెండు ఆటలకీ పునాదే. ఆయన్నే ఇవ్వండి, లేదా ఆయనలా చూసి చెప్పేవాళ్లని ఎవరినైనా ఇవ్వండి అన్నాను. "హెడ్ ఆఫీసుకి మెయిల్ పెట్టండి" అని లోపలికి వెళ్లిపోయారు. ఎనిమిదేళ్లుగా వారానికి రెండుసార్లు ఆ గుమ్మం దాటి వస్తున్నాను, ఆయనకి నా పేరు కూడా తెలియదు.

హెడ్ ఆఫీసుకి ఆరు మెయిళ్లు పెట్టాను. ఆరింటికీ వచ్చింది ఒకటే ఆటోమేటిక్ జవాబు.

ఇక సెప్టెంబర్ చివర్లో ఒక శనివారం యాప్ తెరిస్తే, నా 12 క్లాసులూ "పూర్తయ్యాయి" అని ఉంది. కోచ్ లేని శనివారాలన్నీ జరిగిన క్లాసులుగా రాసేశారు. ఆ మర్నాడే మీ సేల్స్ వాళ్లు ఫోన్ చేసి, "మీ ప్యాకేజీ అయిపోయింది సార్, ఇప్పుడు రెన్యూ చేస్తే పది శాతం తగ్గింపు" అన్నారు. నాలుగు నెలల్లో మీ సంస్థ తనంతట తాను నాకు చేసిన ఫోన్ అదొక్కటే. నా నంబర్ మీ దగ్గర ఉంది. ఫోన్ చెయ్యడం మీకు చేతనవును. మరి కోచ్‌ని మార్చిన రోజు ఒక్క ఫోన్ ఎందుకు చెయ్యలేదు? "సార్, ఆయన్ని మార్చాం, రెండు వారాలు ఆగండి" అంటే ఆగేవాణ్ణి. లాక్‌డౌన్‌లో నెలల తరబడి ఆగినవాణ్ణి, రెండు వారాలు ఆగలేనా?

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ఆవిడ "పోనీండి, పద్దెనిమిది వేలేగా" అంది. పద్దెనిమిది వేలు మాకు తక్కువేమీ కాదు. అంతకంటే, ఇన్నేళ్లు సొంతమనుకున్న చోట నేను ఎవరికీ కనిపించట్లేదన్నదే నన్ను కాల్చేస్తోంది. నేను చేర్పించిన ఆరుగురూ రోజూ "నీ క్లాసులేమయ్యాయి?" అని అడుగుతున్నారు. వాళ్లకి ఏం చెప్పమంటారు?

ఆ మూడో క్లాసు చెప్పిన పెద్దాయన్ని నాకు తిరిగి ఇవ్వండి. వారానికి ఒక గంట ఆయన కూకట్‌పల్లి రాలేకపోతే, ఆయన ఉన్న బ్రాంచికే నేను వస్తాను, ఎంత దూరమైనా సరే. అదీ కుదరదంటే తొమ్మిది క్లాసుల డబ్బు 13,500 వెనక్కి ఇవ్వండి. జరగని క్లాసుల్ని జరిగినట్టు రాసిన లెక్క మాత్రం ఎటూ సరిచెయ్యాల్సిందే.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా మీ సంస్థ నుంచి తన పేరు చెప్పుకునే ఒక మనిషి నాకు ఫోన్ చెయ్యాలి. చెయ్యకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేస్తాను. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, సేవాలోపమని జిల్లా కమిషన్‌కి వెళ్తాను. ఐదు లక్షల లోపు చెల్లింపుల మీద వేసే ఫిర్యాదుకి ఫీజు కూడా లేదు, కనుక్కున్నాను. రసీదు, నాలుగు కంప్లైంట్ల నంబర్లు, ఆరు మెయిళ్లు, ఈత కోచ్ మెసేజ్, అన్నీ ప్రింట్ తీసి ఫైల్ చేసి పెట్టాను. మేమేడుగురం మా సభ్యత్వాలు కూడా అదే రోజు రద్దు చేసుకుంటాం. వాళ్లతో మాట్లాడాను, అందరూ ఒప్పుకున్నారు.

ఈ శనివారం కూడా 6 గంటలకి నేను 3వ నంబర్ టేబుల్ దగ్గరే ఉంటాను. ఖాళీ బాటిల్ నేనే తెచ్చుకుంటాను.

ఇట్లు,
కూకట్‌పల్లి బ్రాంచి సభ్యుడు