సాక్షికి పంపే సమన్ల మీదే దుస్తుల సంగతి అచ్చు వేయించాలి

సంపాదకులకు,

నమస్కారములు. కోర్టుకు సాక్షిగా పిలుపు అందుకున్న సామాన్యుడు ఎలాంటి బట్టలు వేసుకుని వెళ్ళాలో, లోపల ఎలా మసలుకోవాలో చెప్పే వాక్యం ఒక్కటి కూడా ఏళ్ల తరబడి నా చేతుల మీదుగా వెళ్ళిన సమన్ల కాగితాల మీద కనిపించలేదు. కేసు నంబరు, వాయిదా తేదీ, హాజరు కావలసిన వేళ, రాకపోతే ఏమవుతుందన్న హెచ్చరిక మాత్రం ఉండేవి. చెన్నై కోర్టుల్లో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసిన నేను, ఆ ఒక్క వాక్యం లేకపోవడం వల్ల మనుషులు గుమ్మం దగ్గర ఎంత చిన్నబోతారో, ఆ చిన్నబోవడం వారి సాక్ష్యాన్ని ఎలా దెబ్బతీస్తుందో దగ్గరగా చూశాను. కూలి పనులకు, చిన్న వ్యాపారాలకు వచ్చి ఈ నగరంలో స్థిరపడిన మన తెలుగువారు ఎందరో ఇలాంటి పిలుపులు అందుకుంటూనే ఉంటారు గనుక మీ పత్రిక ద్వారా ఈ విషయం నలుగురి దృష్టికీ తేవాలని రాస్తున్నాను.

ఈ ఆలోచన ఇప్పుడు బలపడటానికి ఒక కారణం ఉంది. చెన్నైలోని తెలుగు కుటుంబాల్లో అమెరికాలో స్థిరపడిన పిల్లలు చాలామందే ఉన్నారు. అక్కడ పౌరసత్వం తీసుకున్నవారికి జ్యూరీలో, అంటే కేసు విని నిర్ణయం చెప్పే సామాన్య పౌరుల బృందంలో, కూర్చోవడానికి కోర్టు నుంచి పిలుపు వస్తుంది. మా చెల్లెలి కూతురికి ఇటీవల అటువంటి పిలుపు వస్తే, “పెద్దమ్మా, నువ్వు కోర్టులో పనిచేశావు కదా, ఏం వేసుకుని వెళ్ళమంటావు?” అని ఫోన్ చేసింది. నేను సలహా చెప్పవలసిన అవసరమే రాలేదు, ఎందుకంటే ఆ పిలుపుతో పాటే అన్నీ రాసి పంపారు. నిక్కర్లు, చేతుల్లేని బనియన్లు, టోపీలు వద్దని, ఆఫీసుకు వెళ్ళేటప్పుడు వేసుకునేలాంటి శుభ్రమైన దుస్తులు చాలని, హాలు చల్లగా ఉండవచ్చు కాబట్టి ఒక స్వెట్టరు తెచ్చుకోమని అందులో ఉంది. నడవడిక గురించీ అంతే స్పష్టంగా చెప్పారు. ఫోను ఆపేయాలి, కేసు గురించి తోటి జ్యూరర్లతో కూడా ముందుగా చర్చించకూడదు, ఇంటర్నెట్‌లో వెతకకూడదు, వరండాలో కక్షిదారులు గాని వకీళ్ళు గాని ఎదురైతే మాటలు కలపకూడదు. ఇంత చెప్పిన ఆ వ్యవస్థ జ్యూరర్ల పట్ల తన మర్యాదనూ మరిచిపోలేదు. జ్యూరీ సభ్యులు హాల్లోకి వచ్చేటప్పుడు అక్కడి వారంతా లేచి నిలబడే ఆచారం ఆ దేశపు కోర్టుల్లో చాలాచోట్ల ఉంది.

దుస్తులు చూసేవారి మనసును ఎంతగా ప్రభావితం చేస్తాయో అక్కడి సర్వోన్నత న్యాయస్థానం ఎప్పుడో గుర్తించింది. 1976లో ఎస్టెల్ వర్సెస్ విలియమ్స్ కేసులో, ముద్దాయిని బలవంతంగా జైలు దుస్తుల్లో జ్యూరీ ముందు నిలబెట్టి విచారించడం రాజ్యాంగానికి విరుద్ధమని చెప్పింది. నేరం రుజువు కాకముందే ఆ బట్టలు చూసి జ్యూరీ ఒక అభిప్రాయానికి వచ్చేస్తుందన్నదే ఆ తీర్పు వెనుక ఉన్న భయం.

మన దేశంలో ఇప్పుడు క్రిమినల్ కేసులకు జ్యూరీ లేదు. మద్రాసు హైకోర్టులో ఒకప్పుడు 9 మందితో జ్యూరీ కూర్చునేది. తమిళ సినీ నటులు త్యాగరాజ భాగవతార్, ఎన్.ఎస్. కృష్ణన్‌ల మీద నడిచిన లక్ష్మీకాంతన్ హత్య కేసును 1945లో విన్నది జ్యూరీయే. భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన నౌకాదళ అధికారిని జ్యూరీ నిర్దోషి అన్న 1959 నాటి నానావతి కేసు తరువాత ఆ పద్ధతి మీద నమ్మకం మరింత సడలి, 1974లో అమలులోకి వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో దానికి చోటే లేకుండా పోయింది. పార్సీల వివాహ వివాదాలు వినే కోర్టుల్లో మాత్రం ఆ వర్గపు ప్రతినిధులు కూర్చునే ఏర్పాటు ఉంది. కాబట్టి మన దగ్గర సామాన్య పౌరుడు న్యాయ నిర్ణయంలో పాలు పంచుకునే ముఖ్యమైన సందర్భం సాక్షిగా బోనెక్కినప్పుడే. జ్యూరర్‌కు అక్కడ ఇచ్చే సూచనలు మన సాక్షికి ఇక్కడ ఇంకా ఎక్కువ అవసరమని నా నమ్మకం.

దీనికి చట్టపరమైన కారణం కూడా ఉంది. సాక్షి చెప్పిన మాటలనే కాక, చెప్పేటప్పుడు అతడి తీరు ఎలా ఉందో కూడా న్యాయమూర్తి నమోదు చేయవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 18వ ఆర్డర్ 12వ రూల్ ఆ అధికారం ఇస్తోంది. క్రిమినల్ విచారణల్లోనూ అటువంటి నిబంధన ఉంది. తడబడ్డాడా, చూపులు తప్పించాడా, ధైర్యంగా చెప్పాడా అన్నది సాక్ష్యం విలువను తూచేటప్పుడు లెక్కలోకి వస్తుందన్నమాట. బోనెక్కడానికి ఐదు నిమిషాల ముందు తలుపు దగ్గర అవమానం పొందిన మనిషి నిబ్బరంగా ఎలా నిలబడగలడు?

నేను విధుల్లో ఉండగా చూసిన ఒక సంఘటన చెబుతాను. రోడ్డు ప్రమాదం కేసులో ప్రత్యక్ష సాక్షిగా, నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ తాపీ పని చేసుకునే ఒక నడివయసు మనిషి వచ్చాడు. గళ్ళ లుంగీ అయినా ఉతికి ఇస్త్రీ చేయించింది, పైన తెల్ల చొక్కా, భుజం మీద మడత నలగని తువ్వాలు. తన దగ్గర ఉన్నంతలో మేలైనవే వేసుకుని వచ్చాడని చూడగానే తెలుస్తోంది. లుంగీతో లోపలికి వెళ్ళకూడదని తలుపు దగ్గరి బంట్రోతు తమిళంలో గదమాయించి పంపేశాడు. పాపం, ఆ మనిషి పరుగున వీధిలోకి వెళ్ళి, టీ కొట్టు కుర్రాడి ప్యాంటు అడిగి తొడుక్కుని వచ్చేసరికి పేరు మూడుసార్లు పిలవడం అయిపోయింది. బెంచ్ క్లర్కును బతిమాలితే మళ్ళీ పిలిచారు. ప్యాంటు నడుము దగ్గర గుండీ పట్టలేదు. ఒక చెయ్యి బోను కమ్మీ మీద, రెండో చెయ్యి చొక్కా కింద ప్యాంటును పట్టుకుని, ప్రమాణం చేయమన్నప్పుడు కూడా ఆ చెయ్యి తీయలేక నిలబడ్డాడు. ఎదుటి వకీలు క్రాస్ మొదలుపెడుతూనే, “ఏమయ్యా, అలా మెలికలు తిరుగుతున్నావు, ఎవరో నేర్పిన మాటలు చెబుతున్నావు కదూ?” అని అడిగాడు. లారీ ఏ వైపు నుంచి వచ్చిందో తన కళ్ళతో చూసిన మనిషి కుడి ఎడమలు తారుమారు చేశాడు. కాళ్ళు పోగొట్టుకున్న బాధితుడి తరఫు వారు వెనక బెంచీలో కూర్చుని అదంతా చూస్తున్నారు.

ఆ బంట్రోతును నేను తప్పు పట్టడం లేదు. ఎవరిని లోపలికి పంపాలో ఎవరిని ఆపాలో అతడికీ ఎవరూ రాసి ఇవ్వలేదు. సాక్షులు, కక్షిదారులు ఏ దుస్తులు ధరించాలో నిర్దేశించే చట్టం నాకు తెలిసి ఏదీ లేదు. వకీళ్ళకు మాత్రం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనలు ఉన్నాయి. అందులో కూడా వేసవిలో సుప్రీంకోర్టు, హైకోర్టులు మినహా మిగతా కోర్టుల్లో నల్లకోటు తప్పనిసరి కాదన్న సడలింపు ఉంది. మన ఎండల్ని దృష్టిలో పెట్టుకుని వకీలుకు ఇచ్చిన వెసులుబాటు సిమెంటు పని మధ్యలో కోర్టుకు వచ్చే మనిషికి ఎందుకు ఉండకూడదు? ఇక పంచె సంగతి. పంచె కట్టుకున్నారన్న కారణంగా ఒక హైకోర్టు న్యాయమూర్తినే నగరంలోని ఒక క్లబ్బు లోపలికి రానివ్వకపోతే, 2014లో తమిళనాడు శాసనసభ చట్టమే చేసింది. ఆ చట్టం క్లబ్బులు, సంఘాల వంటి వాటిని ఉద్దేశించినదే అయినా, మన సంప్రదాయ దుస్తులు అగౌరవం కావన్న అందులోని భావం అన్ని గుమ్మాలకూ వర్తించాలని నేను కోరుకుంటాను.

కొన్నాళ్ళుగా పై కోర్టులు ఈ దిశగా మంచి మాటలే చెబుతున్నాయి. ప్రభుత్వ అధికారులను కోర్టుకు పిలిపించే విషయంలో సుప్రీంకోర్టు 2024 జనవరిలో ఒక కార్యవిధానాన్ని నిర్దేశిస్తూ, వారి రూపం, చదువు, సామాజిక స్థాయి గురించి వ్యాఖ్యలు చేయకూడదని, వారి సొంత కార్యాలయపు దుస్తుల నియమాన్ని ఉల్లంఘిస్తే తప్ప వేషం మీద మాట్లాడకూడదని చెప్పింది. అధికారికి దక్కిన ఆ మర్యాద తాపీమేస్త్రీకి కూడా దక్కాలి. అంతకు చాలా ముందే, 2000లో స్వరణ్ సింగ్ కేసులో అదే న్యాయస్థానం సాక్షుల దుస్థితిని చూసి బాధపడింది. బంట్రోతు వారిని కిక్కిరిసిన హాల్లోంచి బయటికి నెడతాడని, కూర్చోవడానికి చోటు, తాగడానికి గ్లాసు నీళ్ళు కూడా ఉండవని, రోజంతా కాచుకున్నాక వాయిదా పడిందన్న కబురు వింటారని ఆ తీర్పులో ఉంది. కోర్టు మర్యాద అంటే సాక్షి కోర్టుకు చూపేది మాత్రమే కాదని ఇంతకంటే గట్టిగా ఎవరు చెప్పగలరు!

అలాగని ఏది పడితే అది వేసుకుని వెళ్ళవచ్చునని నేను అనడం లేదు. న్యాయస్థానం గౌరవం నాకు ప్రాణప్రదం. రంగనాథన్ వీధిలో చవగ్గా దొరికిందని కొన్న టీషర్టు మీద ఇంగ్లీషులో ఏం రాసి ఉందో తెలియక అదే వేసుకుని బోనెక్కిన కుర్రవాళ్ళను చూశాను. నైటీ మీద తువ్వాలు కప్పుకుని, పక్క వీధి దుకాణానికి వచ్చినట్టు వచ్చిన ఆడవాళ్ళనూ చూశాను. మనోవర్తి కేసుకు పెళ్ళికి వెళ్ళినట్టు పట్టుచీర, నగలతో వస్తే, ఎదుటి వకీలు మొదటి ప్రశ్న ఆ గాజుల మీదే వేస్తాడు. అందుచేత నేను ఇంట్లోవారికి, ఇరుగుపొరుగుకు ఎప్పుడూ చెప్పేది ఒకటే. ఉతికిన బట్టలు, రాతలూ బొమ్మలూ లేనివి, ఒళ్ళు నిండుగా కప్పేవి ఏవైనా సరే. చీర, సల్వారు, పంచె, ప్యాంటు ఏదైనా పరవాలేదు. సెక్యూరిటీ గార్డు తన యూనిఫాంతో వస్తే తప్పేమీ లేదు. కొత్తవి కొనవద్దు, అరువు తేవద్దు, అలవాటైన బట్టల్లోనే మనిషికి మాట స్థిరంగా వస్తుంది.

నడవడిక విషయానికి వస్తే, నోట్లో వక్కపొడి గాని పాన్‌పరాగు గాని ఉంచుకుని లోపలికి వెళ్ళకూడదు. ఫోను పూర్తిగా ఆపేయాలి, మూగనోము పట్టిస్తే చాలదు, వణికే చప్పుడు కూడా నిశ్శబ్దంలో వినిపిస్తుంది. న్యాయమూర్తి వచ్చేటప్పుడు, లేచేటప్పుడు నిలబడాలి. వకీలు అడిగిన ప్రశ్నకు న్యాయమూర్తికి వినిపించేలా జవాబు చెప్పాలి, ఎదురు ప్రశ్న వేయకూడదు, జవాబు కోసం తమ వకీలు ముఖం చూడకూడదు. తెలియనిది తెలియదనవచ్చు, ప్రశ్న అర్థం కాకపోతే మళ్ళీ అడగమనవచ్చు. సినిమాల్లో చూపినట్టు గ్రంథం మీద చెయ్యి వేయించరు. 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం దేవుడి పేరిటగాని, ఆ పేరు లేకుండా మనస్సాక్షిగా గాని ప్రమాణం చేయవచ్చు. ఈ చిన్న సంగతి తెలియక, ఏమని పలకాలో అని వరండాలో గుటకలు మింగే వృద్ధులు ఎందరో.

ఇవన్నీ కలిపి అచ్చు వేస్తే సమన్ల వెనక పేజీలో సగం కూడా పట్టదు. వీడియో ద్వారా జరిగే విచారణలకు సుప్రీంకోర్టు ఈ-కమిటీ 2020లో తయారు చేసిన నమూనా నిబంధనల్లో, పాల్గొనేవారంతా విచారణ గౌరవానికి తగిన నిరాడంబర దుస్తులు ధరించాలన్న మాట ఉంది. తెర మీద కనిపించేవారి కోసం రాయగలిగినది బస్సెక్కి స్వయంగా వచ్చేవారి కోసం ఎందుకు రాయకూడదు? తమిళంతో పాటు సాక్షికి చదవడం వచ్చిన భాషలో కూడా అది ఉండాలి. చెన్నై, తిరువళ్ళూరు, కృష్ణగిరి వంటి చోట్ల తెలుగు మాట్లాడేవారు ఎంతమంది ఉన్నారో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. చదవడం రానివారికి సమన్లు అందజేసే ఉద్యోగే రెండు ముక్కలు వినిపించవచ్చు.

కోర్టు పరిపాలన చూసే పెద్దలకు, న్యాయవాదుల సంఘాల వారికి నా విన్నపం మరొకటి కూడా ఉంది. సాక్షి దుస్తులు తగినట్టుగా లేవని తలుపు దగ్గర ఎవరికైనా అనిపిస్తే, ఆ మనిషిని వెనక్కి పంపే అధికారం అక్కడ ఉండకూడదు. బెంచ్ క్లర్కు ద్వారా ఆ సంగతి న్యాయమూర్తికి చెప్పాలి, లోపలికి రానివ్వాలా వద్దా అన్నది వారే తేల్చాలి, అంతవరకు ఆ సాక్షి పేరు ఎదుట గైర్హాజరు అని రాయకూడదు.

ఇట్లు,
ఒక విశ్రాంత కోర్టు ఉద్యోగిని,
పెరంబూరు, చెన్నై